డాలస్ ఉత్తర శివార్లలో స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, ఐర్వింగ్, ఆలెన్, ప్రాస్పర్ వైపు ఇల్లు వెతుకుతున్న తెలుగు కుటుంబాలు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. డిస్ట్రిక్ట్ పేరు ఒక్కటే చూసి సంతకం పెట్టినవాళ్లే తర్వాత ఇబ్బంది పడుతున్నారు. ఇంటి చిరునామాకు ఏ బళ్లు పడతాయి, ఆ బళ్ల సంగతి రాబోయే పదేళ్లలో ఎలా ఉండబోతుంది అన్నవి ముందే చూసుకోవాలి.

ఊరు ఫ్రిస్కో అయితే స్కూల్ డిస్ట్రిక్ట్ కూడా ఫ్రిస్కోయేనా?

కానక్కర్లేదు. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్టులు నగరపాలనతో సంబంధం లేని స్వతంత్ర సంస్థలు. అందుకే వాటిని ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, పొట్టిగా ఐఎస్‌డీ అంటారు. వాటి బోర్డు వేరు, పన్ను వేరు, సరిహద్దు కూడా వేరు. ఫ్రిస్కో నగరంలోని ఇళ్లు ఫ్రిస్కో, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ అనే నాలుగు ఐఎస్‌డీల మధ్య పంచుకుని ఉన్నాయి. మరోవైపు ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ నగరాల్లోని కొన్ని కాలనీలు ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి.

ఐర్వింగ్‌లో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే వ్యాలీ రాంచ్ ఐర్వింగ్ నగరంలోనే ఉన్నా పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది కొప్పెల్ ఐఎస్‌డీ బళ్లకు. లాస్ కొలీనాస్‌లో కొంత భాగం క్యారొల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీది, మిగతా నగరంలో చాలావరకు ఐర్వింగ్ ఐఎస్‌డీది. అంటే మెకార్థర్ బులెవార్డ్ మీద పది నిమిషాలు కారులో వెళ్తే ఊరు మారదు గానీ డిస్ట్రిక్ట్ మారిపోతుంది. జిప్ కోడ్‌ను కూడా నమ్ముకోవద్దు, అది పోస్టాఫీసు సౌకర్యం కోసం గీసుకున్న గీత.

ఒక ఇంటికి ఏ బడి పడుతుందో ఖచ్చితంగా ఎలా తెలుసుకోవాలి?

ముందుగా కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే సంస్థ) వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు, వీధి పేరుతో వెతకండి. ఇల్లు ఏ కౌంటీలో ఉందో దాన్నిబట్టి కాలిన్, డెంటన్ లేదా డాలస్ కౌంటీ సైట్ చూడాలి. ఆ ఇంటి మీద పన్ను వేసే సంస్థలన్నీ ఒక పట్టికలో కనిపిస్తాయి. అందులో ఉన్న ఐఎస్‌డీయే మీ డిస్ట్రిక్ట్. పన్ను లెక్క కాబట్టి ఇక్కడ పొరపాటు జరగడం అరుదు.

తర్వాత ఆ ఐఎస్‌డీ సైట్‌లోని స్కూల్ లొకేటర్‌లో అదే చిరునామా కొట్టి ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడింటి పేర్లూ రాసుకోండి. విద్యా సంవత్సరం ఎంచుకునే వీలుంటే ఈ ఏడాదిదీ వచ్చే ఏడాదిదీ రెండూ చూడండి. చివరగా డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఇళ్ల అమ్మకాల సైట్లలో ఇంటి కింద కనిపించే బడి పేర్లు పాతవై ఉండవచ్చు. తప్పు ఉన్నా బాధ్యత తమది కాదని ఆ సైట్లే చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి.

ఈ పనులన్నీ ఆప్షన్ పీరియడ్‌లోనే, అంటే ఒప్పందం తర్వాత వెనక్కి తగ్గే వీలున్న గడువులోనే ముగించండి. ఆ గడువు దాటాక వెనక్కి తగ్గితే ఎర్నెస్ట్ మనీ (బయానా) పోయే ప్రమాదం ఉంది.

ఇళ్ల అమ్మకాల సైట్లలో పదికి తొమ్మిది రేటింగ్ ఉన్న బడి అంటే మంచి బడి అనేగా?

ఆ అంకెలో పరీక్ష మార్కుల వాటా పెద్దది. మార్కులేమో ఆ చుట్టుపక్కల కుటుంబాల చదువు, ఆదాయంతో గట్టిగా ముడిపడి ఉంటాయి. తల్లిదండ్రులిద్దరూ ఇంజనీర్లయి, సాయంత్రం పిల్లల్ని లెక్కల కోచింగ్‌కు పంపే కాలనీలో బడి గొప్పగా నేర్పకపోయినా మార్కులు వస్తాయి. కాబట్టి మొత్తం అంకెను వదిలేసి, లోపల విద్యార్థుల ఎదుగుదలకు విడిగా ఇచ్చిన అంకె ఏమిటో చూడండి. నిరుడు ఉన్నచోటి నుంచి ఈ ఏడాది పిల్లలు ఎంత ముందుకు వెళ్లారో అది చెబుతుంది. మొత్తం 9 ఉండి ఎదుగుదల 5 ఉన్న బడి కంటే, మొత్తం 7 ఉండి ఎదుగుదల 9 ఉన్న బడి చాలామంది పిల్లలకు మేలని మా అభిప్రాయం.

ఎలిమెంటరీ విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రాష్ట్ర పరీక్ష స్టార్ మూడో తరగతిలో మొదలవుతుంది. కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా బడి ఎలా చెబుతుందో ఆ రేటింగ్‌లో నేరుగా కనిపించదు.

రాష్ట్రం ఇచ్చే ఏ, బీ గ్రేడ్లను ఎలా చదవాలి?

టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ప్రతి బడికీ, డిస్ట్రిక్టుకూ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. అవి టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్ సైట్‌లో ఉంటాయి. విద్యార్థుల ఫలితాలు, ఎదుగుదల అనే రెండింటిలో ఏది ఎక్కువ ఉంటే దానికి 70 శాతం, వెనకబడిన వర్గాల పిల్లల మధ్య అంతరం తగ్గించడానికి 30 శాతం లెక్కిస్తారు. హైస్కూలులో ఫలితాల భాగాన్ని మళ్లీ మూడుగా విడదీస్తారు: స్టార్ 40 శాతం, కాలేజీకి లేదా ఉద్యోగానికి సిద్ధమవడం 40 శాతం, గ్రాడ్యుయేషన్ రేటు 20 శాతం. 90, ఆపైన వస్తే ఏ.

2020, 2021లో కోవిడ్ వల్ల గ్రేడ్లు ఇవ్వలేదు. 2023 గ్రేడ్లు కోర్టు కేసుల్లో చిక్కుకుని 2025 ఏప్రిల్‌లో, 2024, 2025 గ్రేడ్లు రెండూ కలిసి 2025 ఆగస్టులో బయటికొచ్చాయి. కాబట్టి పక్కింటివాళ్లు చెప్పే గ్రేడ్ ఏ సంవత్సరానిదో అడగండి. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ బదులు ఏడాదికి మూడు చిన్న పరీక్షలు వస్తాయి. అప్పటి గ్రేడ్లను ఇప్పటివాటితో నేరుగా పోల్చలేం.

గ్రేడ్ కన్నా లోతుగా చూడాలంటే, ప్రతి బడికీ రాష్ట్రం ప్రచురించే ప్రగతి నివేదికలో మీట్స్ (తరగతి స్థాయి అందుకున్నవాళ్లు), మాస్టర్స్ (దాన్ని మించినవాళ్లు) అనే రెండు వరసలు చూడండి. వాటికింది మెట్టు అప్రోచెస్ అంటే పాసైనట్టే గానీ ఆ తరగతి స్థాయి అందుకున్నట్టు కాదు. ఉపాధ్యాయుల సగటు అనుభవం కూడా ఈ నివేదికల్లో దొరుకుతుంది, ఎంతమంది మానేసి వెళ్లారన్నది డిస్ట్రిక్ట్ నివేదికలో ఉంటుంది. బడి మార్కులు ఎటు పోతున్నాయో టీచర్ల వలస ముందే చెబుతుంది.

చిన్న హైస్కూళ్ల డిస్ట్రిక్ట్ మంచిదా, పెద్ద హైస్కూలా?

ఫ్రిస్కో ఐఎస్‌డీ హైస్కూళ్లను సుమారు 2,100 మందికి సరిపోయేలా కడుతూ వచ్చింది. ఇప్పుడు అలాంటివి 12 ఉన్నాయి. ఆలెన్‌ది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి: డిస్ట్రిక్ట్ అంతటికీ ఒకే పెద్ద హైస్కూల్, తొమ్మిదో తరగతికి మాత్రం వేరే క్యాంపస్. ప్లేనోలో 9, 10 తరగతులు ఒక బడిలో, 11, 12 సీనియర్ హైస్కూల్లో చదువుతారు. అంటే హైస్కూల్ మధ్యలో పిల్లలు ఒకసారి బడి మారతారు.

చిన్న బడిలో బ్యాండ్, ఆర్కెస్ట్రా, టెన్నిస్ జట్టులో చోటు దొరకడం తేలిక. పెద్ద బడిలో జట్టులోకి రావడం కష్టం గానీ సబ్జెక్టుల ఎంపిక విస్తారంగా ఉంటుంది, నలుగురు అడిగిన అరుదైన కోర్సు కూడా నడుస్తుంది. బిడియం ఉన్న పిల్లలకు చిన్న బడి నయం. ఈ విషయంలో ఏ రేటింగూ సాయం చేయదు, మీ పిల్లల స్వభావం మీకే తెలుసు.

బాగా పోటీ ఉన్న బడిలో వేస్తే కాలేజీకి మంచిదేనా?

టెక్సస్‌లో దీనికి ఒక మెలిక ఉంది. 1997 చట్టం ప్రకారం, హైస్కూల్ ర్యాంకులో పై 10 శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆటోమేటిక్‌గా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ మాత్రం ఈ గీతను కుదించుకుంటూ వచ్చి, 2026 ఫాల్ ప్రవేశాలకు 5 శాతం చేసింది. 500 మంది ఉన్న బ్యాచ్‌లో అది 25 మంది. ఆ 25 చోట్ల కోసం ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా ముగించినవాళ్లు వందమంది పోటీపడే బడులు ఈ శివార్లలో ఉన్నాయి. అదే విద్యార్థి పోటీ తక్కువున్న బడిలో తేలిగ్గా పై 5 శాతంలో ఉండొచ్చు.

ప్రవేశం ఖాయమైనా కోరిన మేజర్ ఖాయం కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్ సీట్లకు దరఖాస్తు మొత్తం చూసే నిర్ణయిస్తారు. కాబట్టి ర్యాంకు కోసమే బడి ఎంచుకోవడం కూడా సరికాదు. మీ పిల్లలు ఒత్తిడిలో రాణిస్తారా, నలిగిపోతారా అన్నది ముందు తేల్చుకోండి.

మారాలనుకుంటే తొమ్మిదో తరగతికి ముందే మారండి. ఒక్కో డిస్ట్రిక్ట్ ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులకు, అడ్వాన్స్‌డ్ కోర్సులకు వేరే వెయిట్ ఇస్తుంది. మధ్యలో మారితే జీపీఏను (మార్కుల సగటును) కొత్త పద్ధతిలోకి మారుస్తారు, అందులో నష్టపోయే పిల్లలు ఉంటారు.

ఇల్లు కొన్నాక జోన్ (ఏ ఇంటికి ఏ బడి అన్న హద్దు) మార్చేస్తారా?

మార్చగలరు, మారుస్తున్నారు. వేగంగా పెరిగే డిస్ట్రిక్టులో కొత్త బడి తెరిచిన ప్రతిసారీ గీతలు జరుగుతాయి. ప్రాస్పర్ ఐఎస్‌డీలో 2020లో రాక్ హిల్, 2023లో వాల్‌నట్ గ్రోవ్, 2025లో రిచ్‌లాండ్ హైస్కూళ్లు తెరిచారు. ప్రతిసారీ కొన్ని కాలనీల పిల్లలు కొత్త బడికి మారాల్సి వచ్చింది.

పెరుగుదల ఆగిన చోట కథ వేరు. ఇళ్ల ధరలు పెరిగి, చిన్నపిల్లలున్న కుటుంబాలు కొనలేక, ఉన్నవాళ్ల పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతే తరగతులు ఖాళీ అవుతాయి. ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు బళ్లు మూసేయాలని తీర్మానించింది. కొప్పెల్ పింకర్టన్ ఎలిమెంటరీని, లూయిస్‌విల్ ఐఎస్‌డీ ఐదు ఎలిమెంటరీలను మూసేశాయి. ఇవన్నీ పేరున్న డిస్ట్రిక్టులే.

ముందే పసిగట్టడానికి ఒక మార్గం ఉంది. డిస్ట్రిక్ట్ బోర్డు సమావేశాల పత్రాల్లో డెమోగ్రాఫర్ (విద్యార్థుల సంఖ్యను అంచనా వేసే నిపుణుడు) నివేదిక ఉంటుంది. ఏ ఎలిమెంటరీలో ఎన్ని సీట్లు, ఇప్పుడు ఎంతమంది, ఐదేళ్ల తర్వాత ఎంతమంది అన్న పట్టిక తీయండి. సీట్లలో మూడింట రెండొంతులు కూడా నిండని బడి అయితే మూసివేత భయం, నూటికి నూరు దాటితే రీజోనింగ్ (జోన్ గీతలు మార్చడం) భయం. డిస్ట్రిక్ట్ అంచున ఉన్న ఇంటి కన్నా బడి గోడకు దగ్గరగా ఉన్న ఇల్లు జోన్ మార్పుల్లో సాధారణంగా క్షేమం.

కాలనీలోనే కొత్త బడి వస్తుందని బిల్డర్ సేల్స్ ఆఫీసులో చెప్పారు. నమ్మొచ్చా?

మూడు విషయాలు అడగండి. స్థలం డిస్ట్రిక్ట్ పేరు మీద రిజిస్టరైందా, ఆ బడికి ఓటర్లు బాండ్ (కట్టడానికి డిస్ట్రిక్ట్ తెచ్చే అప్పు) ఆమోదించారా, తెరిచే సంవత్సరాన్ని బోర్డు ప్రకటించిందా. మూడింటికీ అవునని డిస్ట్రిక్ట్ పత్రాల్లో కనిపిస్తేనే లెక్కలోకి తీసుకోండి. లేఅవుట్ మ్యాప్‌లో ఆకుపచ్చ చతురస్రం గీసి భవిష్యత్ పాఠశాల అని రాసినంత మాత్రాన బడి రాదు. బాండ్ ఓడిపోతే ఆ స్థలం ఏళ్లకేళ్లు గడ్డి మొలిచి పడి ఉంటుంది, మీ పిల్లలు నాలుగు మైళ్ల అవతల పోర్టబుల్ గదుల్లో చదువుకుంటారు.

పన్ను ఎంత పడుతుంది? అమ్మేవాళ్ల బిల్లు చూసి లెక్కేసుకోవచ్చా?

వద్దు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆస్తి పన్ను బరువు ఎక్కువ. అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. అమ్మేవాళ్లకు హోమ్‌స్టెడ్ (తామే ఉండే సొంతిల్లు) పరిమితి వల్ల పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరిగి ఉండదు. వాళ్ల వయసు 65 దాటితే స్కూల్ పన్ను ఒక మొత్తం దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక ఆ రెండు రక్షణలూ పోతాయి. అప్రైజల్ సైట్‌లో మార్కెట్ విలువ తీసుకుని మీరే లెక్క వేయండి.

సొంతంగా ఉండే ఇంటికి స్కూల్ పన్నులో 1,40,000 డాలర్ల మినహాయింపు ఉంది. 2025 నవంబరులో ఓటర్లు దీన్ని లక్ష నుంచి పెంచారు. డిస్ట్రిక్ట్ రేటు వంద డాలర్ల విలువకు 1 డాలర్ అనుకుంటే ఏటా 1,400 డాలర్లు మిగులుతాయి. ఇది దానంతటది రాదు, మీరే దరఖాస్తు పెట్టాలి. డ్రైవింగ్ లైసెన్స్ మీద చిరునామా ఆ ఇంటిదే అయి ఉండాలి. పౌరసత్వం, గ్రీన్‌కార్డ్ అక్కర్లేదు.

కొత్త ఇల్లయితే ఇంకా జాగ్రత్త. జనవరి 1న అక్కడ ఖాళీ స్థలమే ఉంటే ఆ ఏడాది పన్ను స్థలం మీదే పడుతుంది. స్థలం విలువ 1,50,000, మొత్తం రేటు 2 శాతం అనుకుంటే 3,000 డాలర్లు. మరుసటి ఏడాది ఇల్లు 6,50,000గా లెక్కలోకి వస్తే మినహాయింపులకు ముందు 13,000. లెండర్ మొదటి లెక్కతో ఎస్క్రో (పన్ను కోసం నెలనెలా వాయిదాతో పాటు తీసుకునే సొమ్ము) పెట్టి ఉంటే, నెల వాయిదా ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. ముగింపు సంతకాలకు ముందే పూర్తి విలువ మీద ఎస్క్రో పెట్టమని అడగండి. మడ్ (నీళ్లు, డ్రైనేజీ కోసం), పిడ్ (కాలనీ వసతుల కోసం) అనే అదనపు వసూళ్లు ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోండి, ప్రాస్పర్, సెలీనా వైపు కొత్త కాలనీల్లో ఇవి మామూలే.

అద్దెకు ఉంటే అదే బడిలో చేర్చుకుంటారా?

చేర్చుకుంటారు. లీజు, కరెంటు బిల్లు చాలు, అద్దె అపార్ట్‌మెంట్ పిల్లలకూ సొంతింటి పిల్లలకూ హక్కు ఒకటే. కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఏడాది అద్దెకుండి బడి చూసి కొనడమే మేలని మేము గట్టిగా చెబుతాం. స్నేహితుల చిరునామా ఇచ్చి చేర్చడం మాత్రం చేయవద్దు. తప్పుడు పత్రం ఇవ్వడం ఈ రాష్ట్రంలో నేరం, పైగా ఆ కాలానికి ట్యూషన్ ఫీజు కట్టమంటారు.

వీసా స్థితి బట్టి ప్రభుత్వ బడిలో చేర్చుకోరా?

చేర్చుకుంటారు, వీసా స్థితి అడగరు. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. ఆ కేసు పుట్టిందే టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో. హెచ్-4 పిల్లలకు ఏ అడ్డూ లేదు.

ఫలానా బడి మంచిదా అని అడిగితే రియల్టర్ మాట దాటేస్తున్నారు, ఎందుకు?

1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం, జాతి, మతం, పుట్టిన దేశం, పిల్లలుండటం వంటివి చూసి కొనుగోలుదారులను ఒక కాలనీ వైపు నెట్టకూడదు. మంచి బడి అన్న మాట దానికి ముసుగు కావచ్చు కాబట్టి జాగ్రత్తపడతారు. తెలుగువాళ్లు ఎక్కువున్న కాలనీ చూపించమన్నా ఇదే చిక్కు. జోన్ పేర్లు, పన్ను, అమ్మకాల ధరలు రియల్టర్‌ను అడగండి. బడి మంచిచెడ్డలు మీరే చూసుకోవాలి.

చేర్పించే ఫారంలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాస్తే ఏమవుతుంది?

ఇంటి భాష సర్వేలో ఇంగ్లిష్ కాని భాష రాస్తే, నాలుగు వారాల్లోపు ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెట్టి అవసరమైతే ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే తరగతి) సూచిస్తారు. మీరు వద్దంటే అందులో ఉంచరు. భయపడి అబద్ధం రాయాల్సిన పనేమీ లేదు. మీ పాపకు నాలుగేళ్లు నిండి ఇంగ్లిష్ ఇంకా సరిగ్గా రాకపోతే దానివల్ల లాభం కూడా ఉంది: ఉచిత ప్రీ-కేకు (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతికి) అర్హత వస్తుంది. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడుతూ నెలకు వెయ్యికి పైగా డేకేర్‌కు కడుతున్న కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలుంటే ఏం చూడాలి?

పరీక్షించమని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. 15 బడి దినాల్లో డిస్ట్రిక్ట్ జవాబివ్వాలి. మీరు సమ్మతి ఇచ్చిన రోజు నుంచి 45 బడి దినాల్లో నివేదిక, ఆ తర్వాత 30 రోజుల్లో ఏఆర్‌డీ సమావేశం (తల్లిదండ్రులు, బడివాళ్లు కలిసి ప్రత్యేక విద్య గురించి తేల్చే సమావేశం) జరగాలి. నోటిమాటగా టీచర్‌ను అడిగితే ఈ గడియారం మొదలవదు. మీకు కావాల్సిన ప్రోగ్రాం జోన్ బడిలో ఉండకపోవచ్చు. చాలా డిస్ట్రిక్టులు కొన్ని క్యాంపసుల్లోనే వాటిని నడుపుతాయి, కొనేముందే ఎక్కడో కనుక్కోండి.

బస్సు, నడక దూరం ఎంత పట్టించుకోవాలి?

రాష్ట్రం రవాణా నిధులు లెక్కించేది 2 మైళ్లు, ఆపై దూరమున్నవాళ్లకు. దానికి లోపల ఉంటే బస్సు ఉండదనే అనుకోండి. ఇండియా నుంచి అమ్మమ్మో తాతయ్యో ఆరు నెలలు వచ్చి ఉంటారంటే, వాళ్లు కారు నడపరు కాబట్టి పెద్ద రోడ్డు దాటకుండా అర మైలులో ఉన్న బడి ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. మ్యాప్ చూసి ఊరుకోకుండా మధ్యాహ్నం బడి వదిలే వేళకు ఒకసారి అక్కడికి వెళ్లండి. కార్ల వరుస కాలనీ వీధుల్లోకి ఎంత దూరం వచ్చిందో, క్రాసింగ్ గార్డ్ ఎక్కడ నిలబడ్డారో కనిపిస్తుంది.

బడి చూడటానికి వెళ్తే ఏం అడగాలి?

కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా గదికి 22 మంది మించకూడదని చట్టం, కానీ డిస్ట్రిక్టులు మినహాయింపు తెచ్చుకోవచ్చు. ఈ బడిలో ఎన్ని గదులకు మినహాయింపు ఉందో అడగండి. ప్రిన్సిపాల్ ఎన్నేళ్లుగా ఉన్నారో, నిరుడు ఎంతమంది టీచర్లు మారారో అడగండి. 2023 చట్టం ప్రకారం ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్నవాళ్లను ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో తల్లిదండ్రులు అడగకపోయినా బడివాళ్లే చేర్చాలి. ఆ తరగతి ఈ మిడిల్ స్కూల్లో ఎలా నడుస్తుందో కనుక్కోండి.

చేర్పించేటప్పుడు మనవాళ్లకు ఎక్కడ ఆగిపోతుంది?

టీకాల దగ్గర. కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండాలి. ఎంఎంఆర్ రెండు, వరిసెల్లా (ఆటలమ్మ) రెండు, హెపటైటిస్ ఏ రెండు, హెపటైటిస్ బీ మూడు, డీటాప్ (డీపీటీ లాంటిది) ఐదు, పోలియో నాలుగు డోసులు కావాలి. డీటాప్, పోలియోల్లో చివరి డోసు నాలుగో పుట్టినరోజు దాటాక పడితే ఒకటి తక్కువైనా సరిపోతుంది. ఇండియాలో తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ లేదా ఎంఎంఆర్ ఇక్కడ లెక్కకు రాదు, మొదటి డోసు తొలి పుట్టినరోజు నాడో ఆ తర్వాతో వేసి ఉండాలి. వరిసెల్లా, హెపటైటిస్ ఏ చాలామందికి పడి ఉండవు. రెండు డోసుల మధ్య నెలల వ్యవధి కావాలి కాబట్టి మేలోనే పీడియాట్రీషియన్‌కు కార్డు చూపించండి. బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు, జులై చివర్లో అపాయింట్‌మెంట్లు దొరకవు.